గోడ దగ్గర హాజరు

క్వారీ గేటు పక్క ఇల్లు,
వంటగది బల్ల మీద నుంచి

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చేస్తే "ఊఁ, ఆఁ, సిగ్నల్ లేదక్కా" అని మూడు ముక్కల్లో తేల్చేస్తావు గనక కాగితం పట్టుకున్నాను. ఇదైతే మధ్యలో పెట్టేయలేవు.

మన క్వారీకి మళ్ళీ మంచి రోజులొచ్చేలా ఉన్నాయి. నవ్వకు. మూతపడ్డాక అందులో నీళ్ళు నిండి పెద్ద మడుగైపోయింది. అడుగున రాయి కనిపించేంత తేటగా ఉంటాయి నీళ్ళు. దాన్ని చూడ్డానికి పై ఊళ్ళవాళ్ళని రప్పించాలని ఊరంతా కలిసి ఒక కమిటీ వేసుకున్నాం. లాడ్జి ఆవిడ బెంచీలిస్తానంది. బస్సుల యజమాని ఆదివారాలు బస్సు ఇటు తిప్పుతానన్నాడు. స్కూలు డ్రిల్లు మాస్టారు దారి పొడవునా మొక్కలు పెట్టిస్తున్నాడు. పాత క్వారీవాళ్ళు రాళ్ళు పేర్చి మడుగు చుట్టూ నడకదారి వేస్తున్నారు. మున్సిపాలిటీవాళ్ళు సంతకం పెట్టారు, వాళ్ళకి అదే పెద్ద సాయం. సెక్రటరీ ఎవరనుకున్నావ్? మీ అక్కే. క్యాంటీన్లో టీ పోసినదాన్ని ఇప్పుడు మీటింగుల్లో గొంతు చించుకుంటున్నాను. నిన్న సాయంత్రమంతా తొక్కుడు పడవలకి పసుపు రంగా ఎరుపు రంగా అని కొట్టుకు చచ్చాం. లాడ్జి ఆవిడ అలిగి, బెంచీలు వెనక్కి పట్టుకుపోతానంది. చివరికి ఆకుపచ్చ అని తేలింది, అది ఎవరికీ నచ్చలేదు గనక.

అసలు సంగతి మీ బావ. క్వారీ మూసేసినప్పటి నుంచి ఆయన గేటు దాటలేదు. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేవాడిలా బూట్లు వేసుకుంటారు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటారు. సాయంత్రం బూట్లు విప్పేస్తారు. ఎవరైనా పలకరిద్దామని వస్తే పడుకున్నానని చెప్పమంటారు. ఆ బూట్ల చప్పుడు వింటూ ఇంట్లో తిరగలేక చస్తున్నాను. నేను ఊరికోసం ఈ కమిటీలో దూకానని అందరూ అనుకుంటున్నారు, అనుకోనీ. ఆయన్ని ఆ కుర్చీలోంచి లేపడానికే దూకాను. ఆ దారి మీద నిలబడి ఇక్కడ ఏం పని జరిగేదో ఆయన నలుగురికీ చెప్పాలి. మళ్ళీ జనం మేస్త్రీ అని పిలవాలి. నాకింకేమీ అక్కర్లేదు.

మడుగు అంచున నిలబడి చూసేందుకు చెక్క అరుగొకటి కడుతున్నాం. దాని చుట్టూ తాళ్ళు బిగించాలి. నీకు తాళ్ళపని వచ్చు. ఒక్క నాలుగు రోజులు వచ్చి పో.

అక్క


సొరంగం పని క్యాంపు,
మంచం మీద నుంచి

అక్కా,

సెక్రటరీగారికి నమస్కారం. ఎవరికీ నచ్చని రంగు వేయడమే తెలివైన పని, ఒక్కళ్ళకి నచ్చితే మిగతావాళ్ళు ఊరుకోరు.

నేను రాలేను. ఇక్కడ కొండకి చిల్లు పెడుతున్నాం, మధ్యలో వదిలేసి వస్తే ఇంజనీరు నన్ను ఆ చిల్లులోనే పెట్టి మూసేస్తాడు. పని బాగానే ఉంది, తిండి బాగానే ఉంది. రోజంతా నెత్తిన ఆకాశం ఉండదు, అదొక్కటే. పడుకుంటే కాళ్ళు ఊరికే లాగుతుంటాయి, లేచి షెడ్డు చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ పడుకుంటాను. పక్క మంచం వాడు నన్ను చూసి, నీకు కాళ్ళు కాదురా, చక్రాలున్నాయంటాడు.

నిజం చెప్పనా? ఆ గుంట చూడ్డానికి ఎవరొస్తారే? మన బతుకంతా ఆ దుమ్ము మింగాం, దాన్నిప్పుడు బెంచీ వేసుకుని చూడాలా? సరే, నీ సరదా నేనెందుకు కాదనాలి. తాళ్ళు మాత్రం నైలానువి వద్దు, ఎండకి పెళుసెక్కుతాయి. డిపోలో పాత ఉక్కు తీగలుంటాయి చూడు, వాటికి గొట్టం తొడిగి బిగించండి.

బావని లేపడానికి నేనెందుకు? ఇంట్లో బావ, క్వారీలో మేస్త్రి. నేను వచ్చేశాక ఆయన రెండు రకాలుగానూ నాతో మాట్లాడ్డం మానేశారు. నేనొస్తే ఆ కుర్చీ ఇంకో రెండంగుళాలు గోడకేసి జరుగుతుంది.

తమ్ముడు


క్వారీ గేటు పక్క ఇల్లు,
కమిటీ కాగితాల మధ్య నుంచి

ఒరేయ్,

ఉక్కు తీగలే బిగించాం, నీ మాట నిలబెట్టాం. నిన్ననే మా దారి తెరిచారు. నవ్వాలో ఏడవాలో తెలీక రాస్తున్నాను.

పెద్ద ఆఫీసరుని పిలిచాం. రిబ్బను, కత్తెర, కుర్చీలు, మైకు, అన్నీ సిద్ధం. బస్సుల యజమానికి ఒక ఆలోచనొచ్చింది. పాత సైరన్ ఇంకా పైన స్తంభానికే ఉంది కదా, రిబ్బను కత్తిరించే ముందు ఒక్కసారి మోగిద్దాం, ఆర్భాటంగా ఉంటుందన్నాడు. నేనూ సరేనన్నాను. ఎందుకన్నానో నా నోటికే తెలియాలి.

మోగింది. ఒరేయ్, మనకది ఒంట్లో ఉంది కదరా! సైరన్ మోగితే రాయి పేలబోతోందని. చేతిలో ఉన్నది అక్కడే వదిలేసి రాతిగోడ చాటుకి పోయి, గోడకి వీపానించి గొంతుక్కూచోవాలని. ఆడాళ్ళకైనా పిల్లలకైనా అదే నేర్పాం. ఒక్క క్షణంలో ఊరంతా మాయం! లాడ్జి ఆవిడ పూలగుత్తి పడేసి పరిగెత్తింది. సైరన్ మోగించమన్న బస్సుల యజమానే అందరికంటే ముందు గోడ దగ్గరున్నాడు. నేను మైకు చేత్తో పట్టుకునే గొంతుక్కూచున్నాను. ఆఫీసరు, ఆయన వెంట వచ్చిన బయటివాళ్ళు మాత్రం ఎండలో కత్తెర పట్టుకుని నిలబడిపోయారు.

అప్పుడొచ్చారు మీ బావ. ఇంట్లోంచి పరుగున, బనీనుతోనే, మెళ్ళో విజిలుతో. మా వంక చూడలేదు, ఆఫీసరు వంక చూడలేదు. గోడ ముందు నిలబడి హాజరు మొదలుపెట్టారు. అప్పట్లో పేలుడయ్యాక పిలిచేవారే, అలాగే, క్వారీ పేర్లతో. "పొడుగోడు!" "ఉన్నా!" "బెల్లం!" "ఉన్నా!" "చెవిటి మావ!" ఆయన చెయ్యెత్తాడు. డ్రిల్లు మాస్టారి నాన్న కర్ర పట్టుకుని లేవలేక లేవలేక "ఉన్నా" అన్నాడు. అందరూ పలికాకే విజిల్ ఊదారు. అప్పుడు గానీ ఎవరూ లేవలేదు. ఆ గొంతు విని ఎన్నాళ్ళైందిరా! నాకు ఏడుపొచ్చేసింది, మైకులో అందరికీ వినిపించింది కూడా.

బయటివాళ్ళు ఇదంతా మేం కట్టిన ఆట అనుకుని చప్పట్లు కొట్టారు. ఫోన్లలో తీసుకున్నారు. ఇవాళ పొద్దున లాడ్జి ఆవిడకి ఒకటే ఫోన్లట, మళ్ళీ ఎప్పుడు చేస్తారని. కమిటీ కూర్చుని, ప్రతి ఆదివారం చేద్దామని తేల్చింది. మీ బావని అడిగితే ఒప్పుకున్నారు. గడ్డం గీసుకున్నారు!

అక్క


బస్టాండు వెనక లాడ్జి,
పై అంతస్తు గది నుంచి

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి ఒళ్ళు మండింది.

మీకు బుద్ధుందా? సైరన్ తోటి ఆటలా? పేలుడు పనిలో ఉన్నవాళ్ళం, మాకు ఒక్కటే నియమం. సైరన్ అబద్ధం ఆడకూడదు. ఇప్పుడు ఉత్తుత్తిగా మోగిస్తే, రేపు పై అంచున నిజంగా రాయి జారి మోగినప్పుడు జనం ఫోన్లు తీసుకుని నిలబడతారు. కమిటీలో ఇంతమంది ఉన్నారు, ఒక్కడికీ తట్టలేదా?

అది సరే. బావని తీసుకెళ్ళి జనం ముందు నిలబెట్టావు. ఎవరో టికెట్టు కొనుక్కుని వచ్చి, మనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్న గోడ దగ్గర చప్పట్లు కొడతారు. అమ్మ సైరన్ వినగానే పొయ్యి మీదది వదిలేసి మనిద్దర్నీ చెరో చంకలో ఇరికించుకుని పరిగెత్తేది, అది కూడా చూపిస్తారా? బావ కుర్చీలోంచి లేస్తే చాలా నీకు, ఎందుకు లేచినా ఫర్వాలేదా?

ఇంకా రాస్తే తిట్లే వస్తాయి. అడ్రసు మారింది, కొన్నాళ్ళు ఇక్కడే ఉంటాను. పని మీదే వచ్చాను, కంగారు పడకు.

ఒక్కమాట. హాజరులో నా పేరు పిలిచారా?

తమ్ముడు


క్వారీ గేటు పక్క ఇల్లు,
వీధి గడప మీద నుంచి

తమ్ముడూ,

తిట్టు, నీకు తప్ప నన్ను తిట్టే హక్కు ఎవరికుంది. కానీ అక్కడెక్కడో కూర్చుని తిట్టడం తేలిక. ఇక్కడ లాడ్జిలో గదులు దొరకడం లేదు. కుట్టుపని ఆడవాళ్ళు గుడ్డ టోపీలు కుడితే ఒక్కటి మిగలడం లేదు. బెల్లం కూతురు పట్నం పోతానని పెట్టె సర్దుకున్న పిల్ల, ఇప్పుడు పడవల దగ్గర పనికి కుదిరి ఆ పెట్టె మంచం కిందికి తోసేసింది. ఆదివారం వస్తోందంటే ఊరికి కాలు నిలవడం లేదు.

మీ బావ శనివారమే బూట్లు తుడుచుకుంటున్నారు. దారి వెంట నడుస్తూ బయటివాళ్ళకి రాయి ఎలా చీలుతుందో చెబుతున్నారు. అన్నం తింటూ మాట్లాడుతున్నారు! నిన్న కూరలో ఉప్పు ఎక్కువైందన్నారు. ఆ మాట కోసం ఎన్నాళ్ళు కాచుకున్నానో తెలుసా? నాకది చాలు. సైరన్ సంగతి నువ్వన్నట్టే మీ బావా అన్నారు, గట్టిగానే అన్నారు. నేనే, ఈ కాస్త ఊరు నిలదొక్కుకునేదాకా ఓర్చుకోండని బతిమాలాను.

నువ్వు సొరంగం పని మానేశావా? పని మీద వచ్చినవాడు బస్టాండు వెనక లాడ్జిలో ఎందుకుంటాడు? తిన్నగా చెప్పు.

అక్క


తీగమార్గం కంపెనీ గోడౌను,
చెక్కపెట్టె మీద నుంచి

అక్కా,

మానేశాను. తిట్టకు. ఒకరోజు పొద్దున సొరంగం మూతి దగ్గర నిలబడ్డాను, లోపలికి కాలు పడలేదు. అంతే, కారణం లేదు. కొన్నాళ్ళు ఊరికే తిరిగాను. ఇప్పుడు కొండల మీద తీగలకి పెట్టెలు వేలాడదీసి మనుషుల్ని అటూ ఇటూ లాగే కంపెనీలో చేరాను. ఇక్కడ నెత్తిన ఆకాశం తప్ప ఇంకేం ఉండదు. బహుశా కుదురుకుంటానేమో, పందెం మాత్రం కాయకు.

నేను అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు.

తమ్ముడు


క్వారీ గేటు పక్క ఇల్లు,
వంటగది బల్ల మీద నుంచి

తమ్ముడూ,

రాయలేదు, రాయకూడదనే అనుకున్నాను. ఇప్పుడు రాయక తప్పడం లేదు. మీ బావ మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు.

పిలిచారురా నీ పేరు. దారి తెరిచిన రోజే పిలిచారు. అందరి పేర్లూ అయ్యాక చివర్న "బొంగరం!" అన్నారు. ఒకచోట నిలబడవని ఆయన పెట్టిన పేరేగా. ఎవరూ పలకలేదు. ఆయన అలాగే నిలబడ్డారు. ముసలాళ్ళ మోకాళ్ళు పట్టేస్తున్నాయి, ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. నేను ఉండబట్టలేక "ఉన్నాడు!" అని అరిచాను. ఒకరి బదులు ఇంకొకరు పలక్కూడదని క్వారీలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన నావంక ఒక్క చూపు చూసి విజిల్ ఊదారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆయన పిలవడం, నీ పేరుకి నేను అరవడం. నువ్వడిగినప్పుడు ఇది రాస్తే నొచ్చుకుంటావని దాటేశాను.

మొన్న శనివారం బూట్లు తుడుస్తూ తుడుస్తూ అన్నారు, "ఇంకెన్నాళ్ళు పలుకుతావే వాడి బదులు?" అని. ఆ మాట నన్ను కోసేసింది. ఆదివారం నేను పలకలేదు. ఆయన "బొంగరం" అన్నారు, ఆగారు. మళ్ళీ అన్నారు. వచ్చినవాళ్ళు మొదట నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, తర్వాత బస్సెక్కారు. బస్సుల యజమాని తనే ఇంకో విజిల్ తెచ్చి ఊదాడు. ఒక్క క్వారీ మనిషి లేవలేదురా. మేస్త్రి ఊదితేనే లేవాలి కదా! చెవిటి మావ కూడా గోడకి ఆనుకుని అలాగే ఉన్నాడు. చివరికి మీ బావే, నోట్లో విజిల్ లేకుండా, "పొండి, లేవండి" అని చేత్తో చూపించి ఇంట్లోకి వెళ్ళిపోయారు. తలుపేసుకున్నారు. బూట్లు కూడా విప్పలేదు.

కమిటీవాళ్ళు వచ్చి కూర్చున్నారు. పేర్ల పట్టీలోంచి నీ పేరు కొట్టేస్తే సరిపోతుందన్నాడు డ్రిల్లు మాస్టారు. మీ బావ లోపల్నుంచి, "మనిషి ఏమయ్యాడో తెలీకుండా కొట్టేయడానికి నాకు చేతులు రావు" అన్నారు. అందరూ టీ కూడా తాక్కుండా లేచిపోయారు.

నీకు తెలీని సంగతి ఒకటుంది. చెప్పొద్దని ఆయన నాచేత ఒట్టేయించుకున్నారు, ఇవాళ ఆ ఒట్టు గట్టున పెడుతున్నాను. నువ్వు క్వారీ వదిలి వెళ్ళిన రోజు. ఎవరికీ చెప్పకుండా వెనక బాటన పోయి బస్సెక్కావు. ఇంతేగా నీకు తెలిసింది. నువ్వు పోయింది సైరన్ మోగాక. రాయి పేలింది, ఆయన హాజరు పిలిచారు, నువ్వు పలకలేదు. ఉరికారు. ఇంకా దుమ్ము దిగలేదు, ఎవరాపినా ఆగలేదు. ఆ రాళ్ళు చేతుల్తో లాగారురా. చీకటి పడేదాకా, గోళ్ళు ఊడి నెత్తురు కారుతుంటే, నీ పేరు అరుస్తూ లాగారు. నేను పక్కన కూర్చుని ఆ రాళ్ళ కింద నిన్నే చూస్తున్నాను. తిరుగు బస్సులో కండక్టరు వచ్చి "మీవాడు పొద్దున నా బస్సులోనే పోయాడమ్మా" అన్నాడు. ఆయన నిన్ను ఒక్క మాట అనలేదు. "వాడికి చెప్పకు, బాధపడతాడు" అన్నారంతే. నీతో మాట్లాడ్డం మానేశారని రాశావు. మానేయలేదు. నోరు తెరిస్తే ఏం వస్తుందోనని ఆయనకే భయం.

నువ్వు బతికే ఉన్నావని ఆయనకి తెలుసు. తెలిసినా ఆ రోజు హాజరు ఆయనకి ఇంకా పూర్తి కాలేదు. క్వారీ మూసేశారు, మడుగైపోయింది, దాని మీద ఆకుపచ్చ పడవలు తిరుగుతున్నాయి, అయినా పూర్తి కాలేదు. నీ బదులు నేను అరిచి అది పూర్తయిందనిపించబోయాను. నా తప్పే. ఇక నేను పలకను.

అక్క


తీగమార్గం కంపెనీ గోడౌను నుంచి

అక్కా,

అందింది.

ఎన్ని కాగితాలు మొదలుపెట్టినా ముందుకి సాగడం లేదు. ఆ తర్వాత ఒకసారి వచ్చినప్పుడు బావ చేతుల మీద మచ్చలు చూశాను. పనిలో తగిలినవనుకున్నాను.

నేను రాస్తున్నట్టు ఆయనకి చెప్పకు.

తమ్ముడు


క్వారీ గేటు పక్క ఇల్లు,
గోడ దగ్గర బెంచీ మీద నుంచి

తమ్ముడూ,

నువ్వు వచ్చి వెళ్ళిన మర్నాడే నీకో ఉత్తరం రాశాను. అందులో తిట్లు తప్ప ఏమీ లేవు. రాక రాక వచ్చినవాడివి, అదే రోజు ఆఖరి బస్సుకి పోతావా, రెండు పూటలు అక్క చేతి అన్నం తినడానికి నీకేం పోయింది అని. చింపేశాను. ఇప్పుడు వేరే రాస్తున్నాను.

ఆ ఆదివారం నువ్వు మా ఇంటికి కూడా రాకుండా తిన్నగా గోడ దగ్గరికి పోయి గొంతుక్కూచున్నావని నాకు ముందు బెల్లం కూతురు వచ్చి చెప్పింది. నేను కిటికీలోంచి చూశాను. సైరన్ లేదు, బస్సు లేదు, ఒక్కడివే ఉన్నావు. నీ పక్కన పొడుగోడు వచ్చి కూర్చున్నాడు. తర్వాత బెల్లం. చెవిటి మావ. నేను మీ బావతో "గోడ దగ్గర మనుషులున్నారండీ" అన్నాను, అంతకంటే ఒక్క ముక్క అనలేదు. ఆయన లేచి కిటికీ దాకా వచ్చారు. విజిల్ కోసం మెడ తడుముకున్నారు. ఆయన వచ్చి అందర్నీ పిలవడం, చివర్న నీ పేరు పిలవడం, నువ్వు "ఉన్నా బావా" అనడం, అదంతా నువ్వు విన్నావు. నువ్వు తల ఎత్తలేదు గానీ నేను చూశాను. నీ దగ్గరికొచ్చి నీ భుజం మీద చెయ్యి పెట్టి, ఎముక ఉందో లేదో చూస్తున్నట్టు రెండు సార్లు నొక్కి, అప్పుడు విజిల్ ఊదారు. ఆ విజిల్ ఎంతసేపు ఊదారో!

సాయంత్రం గేటు దగ్గర నువ్వు "బావా, వెళ్తున్నాను, కొండల మీద తీగల పని" అన్నావు. ఆయన "ఏ బస్సుకి?" అన్నారు. "ఆఖరిదానికి" అన్నావు. "సరే" అన్నారు. ఇన్నేళ్ళకి కలిసి ఇంతేనా మాట్లాడుకునేది అని నాకు మీ ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. అందుకే ఆ తిట్ల ఉత్తరం.

తర్వాత కమిటీ కూర్చుంది. మీ బావే వచ్చి కూర్చున్నారు, తలుపు పక్కన కాదు, మధ్యలో. సైరన్ ఇక ఆటకి మోగదన్నారు. పై అంచున రాయి కదిలితేనే మోగుతుంది, అప్పుడు ఏం చేయాలో వచ్చినవాళ్ళకి దారి మొదట్లోనే తనే నేర్పిస్తారట. బస్సుల యజమాని గునిశాడు, జనం తగ్గిపోతారని. నిన్న కాస్త తగ్గారు కూడా. వచ్చినవాళ్ళు మాత్రం మీ బావ వెంట దారి చివరిదాకా నడిచారు. చివర్న గోడ దగ్గర, పాత క్వారీవాళ్ళ హాజరు ఒక్కటి ఉంచారు. చప్పట్లు కొట్టొద్దని ముందే చెప్పారు.

నిన్నే నువ్వు పోయాక వచ్చిన మొదటి ఆదివారం. నాకు పొద్దుట్నుంచీ ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. నీ పేరు వస్తుంది, నువ్వుండవు, మళ్ళీ ఆయన అలాగే నిలబడిపోతారు, మళ్ళీ ఆ తలుపు, ఆ కుర్చీ. ఒట్టు పెట్టుకున్నా సరే, నోరు అదుపు తప్పితే అరిచేస్తానేమోనని నోట్లో కొంగు కుక్కుకుని కూర్చున్నాను. పొడుగోడు, బెల్లం, చెవిటి మావ, డ్రిల్లు మాస్టారి నాన్న. అందరూ అయిపోయారు. ఆయన విజిల్ నోట్లో పెట్టుకున్నారు.

ఉండబట్టలేక నేనే అడిగాను, "బొంగరాన్ని పిలవలేదేమండీ?" అని.

నావంక వింతగా చూశారు. "వాడు చెప్పే వెళ్ళాడు కదే" అన్నారు, ఊదేశారు.

అక్క